స్కానర్‌లో పడ్డ ప్రతి రూపాయీ అమ్మకం కాదు

గౌరవనీయులైన వస్తు సేవల పన్ను మండలి సభ్యులకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాణిజ్య పన్నుల శాఖల ఉన్నతాధికారులకు,

విషయం: యూపీఐ జమల ఆధారంగా చిరువ్యాపారులపై పాత సంవత్సరాల పన్ను మదింపు

తోపుడు బండికి అతికించిన క్యూఆర్ కోడ్ ద్వారా ఖాతాలో చేరే సొమ్ము ఒక అంకె. ఆ బండి మీద జరిగిన అమ్మకం వేరొక అంకె. బండి యజమానికి రాత్రి మిగిలే ఆదాయం మూడో అంకె. మొదటి అంకె బ్యాంకు దగ్గర ఉంటుంది. రెండోది వ్యాపారి చిట్టాలో ఉంటుంది, చిట్టా రాసే అలవాటుంటే. మూడోది ఆ ఇంటి వంటింట్లో, పిల్లల ఫీజు రసీదుల్లో కనిపిస్తుంది. వస్తు సేవల పన్ను చట్టానికి కావలసింది రెండో అంకె, అందులోనూ పన్ను పడే సరకుల భాగం మాత్రమే. ఆదాయపు పన్ను చట్టానికి కావలసింది మూడోది. మొదటి అంకె మీద పన్ను అడగమని ఏ చట్టమూ చెప్పలేదు.

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ పంపిన నోటీసులు మొదటి అంకెతోనే మొదలయ్యాయి. 2021-22 నుంచి 2024-25 వరకు యూపీఐ ద్వారా వచ్చిన జమల లెక్క తెప్పించుకుని, ఏడాదికి రిజిస్ట్రేషన్ పరిమితి అయిన 20 లక్షలో (సేవలకు), 40 లక్షలో (సరకులకు) దాటినవారందరికీ శాఖ నోటీసులు ఇచ్చింది. అందుకున్నవారిలో బేకరీలవాళ్లు, పాలబూతులవాళ్లు, టీ కొట్లవాళ్లు, కాండిమెంట్స్ దుకాణాలవాళ్లు ఉన్నారు. హావేరిలో కూరగాయలు అమ్ముకునే ఒకాయనకు వచ్చిన నోటీసు దేశమంతా వార్తయింది. నాలుగేళ్లలో ఆయన ఖాతాకు వచ్చింది 1 కోటి 63 లక్షలు, కట్టమన్నది 29 లక్షలు. ఆ 1 కోటి 63 లక్షలను నాలుగుతో భాగిస్తే ఏడాదికి 40 లక్షల 75 వేలు. 40 లక్షల గీత దాటింది ఏడాదికి ముప్పావు లక్ష. అడిగిన పన్ను మొత్తం జమలో దాదాపు 18 శాతం. తాజా కూరగాయల మీద వస్తు సేవల పన్ను అసలు లేదు.

ఆ తర్వాత బెంగళూరు కొట్లలో యూపీఐ వద్దు, నగదు మాత్రమే అన్న కాగితాలు వెలిశాయి. వ్యాపారులు జూలై 25న బంద్ తలపెట్టారు. రెండు రోజుల ముందు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వారి ప్రతినిధులతో మాట్లాడి, మినహాయింపు సరకులు అమ్మేవారి నుంచి పన్ను అడగబోమని, రిజిస్ట్రేషన్ చేయించుకునేవారి పాత బకాయిల జోలికి పోబోమని హామీ ఇచ్చాక ఆ వేడి తగ్గింది. నోటీసు తుది ఆదేశం కాదని, పత్రాలు చూపితే సరిచేస్తామని శాఖ కూడా వివరించింది. మరి ఆ వివరణ నోటీసు కన్నా ముందు ఎందుకు రాలేదు?

ఆ నోటీసుల వెనక ఉన్న చట్టమే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అమల్లో ఉంది. యూపీఐ లెక్కలు తెప్పించుకునే దారి ఈ రెండు శాఖలకూ తెరిచే ఉంది. బెంగళూరులో కొట్లు పెట్టుకుని బతుకుతున్న తెలుగువారు ఆ భయాన్ని ఇప్పటికే చూశారు. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్టుకూ, సికింద్రాబాద్ మొండా మార్కెట్టుకూ అదే రకం కాగితం వచ్చే రోజు కోసం చూస్తూ కూర్చోకుండా, అంతకు ముందే మీరు తేల్చవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, జమ అంటే ఏమిటన్న సంగతి. చిన్న వ్యాపారికి ఇంటి ఖాతా, కొట్టు ఖాతా అని రెండుండవు. ఒకే ఫోను, ఒకే నంబరు, దానికి ముడిపడిన ఒకే సేవింగ్స్ ఖాతా. కొట్టులో అమ్మిన కిలో టమాటా డబ్బూ, తమ్ముడు తిరిగిచ్చిన చేబదులూ, పాడుకున్న చీటీ మొత్తమూ, ఊరి నుంచి నాన్న పంపిన ధాన్యం డబ్బూ ఒకే గల్లాపెట్టెలో పడతాయి. వీధిలో వినాయకుడి పందిరికి చందాలు పోగుచేసేవారు అందరికీ తెలిసిన కొట్టు స్కానర్‌నే చూపిస్తారు. ఏటీఎం దూరమైన ఊళ్లలో, అన్నా వెయ్యి ఫోన్‌పే కొడతా నోట్లివ్వు అని అడిగేవారు రోజూ వస్తారు. ఆ వెయ్యి జమలో కనిపిస్తుంది, గల్లాలోంచి పోయిన వెయ్యి ఎక్కడా కనిపించదు. డబ్బు పంపే కొట్లు, రీచార్జి కొట్లు, కరెంటు బిల్లులు కట్టిపెట్టే కొట్ల సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ రోజూ వేల రూపాయలు ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో వెళ్లిపోతాయి. ఆగేది కొద్దిపాటి కమీషను, చట్టం దృష్టిలో వారి అమ్మకం కూడా ఆ కమీషనే. ఖాతాలో లక్షలు తిరుగుతున్నాయి కాబట్టి లక్షల వ్యాపారం జరుగుతోందని యంత్రం తేలుస్తుంది. ఆ తేల్చిన దాని కింద సంతకం పెట్టే అధికారి ఒక్కసారి ఆ కొట్టు మెట్లెక్కి చూస్తే చాలదా?

పూర్తిగా నోట్ల మీద నడిచే పెద్ద దుకాణం ఈ వలలో పడదన్నది కూడా గమనించాలి. సర్కారు చెప్పిన మాట విని స్కానర్ పెట్టినవాడే పట్టుబడతాడు. ఆ మాట చెప్పింది కూడా చిన్నగా కాదు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం వీధి వ్యాపారులకు 10,000 రూపాయల తొలి అప్పుతో పాటు, డిజిటల్ చెల్లింపులు తీసుకుంటే ఏడాదికి 1,200 రూపాయల దాకా క్యాష్‌బ్యాక్ ఇచ్చింది. రెండు రాష్ట్రాల మున్సిపల్ సిబ్బంది బండ్ల దగ్గరికి వెళ్లి కోడ్ స్టిక్కర్లు అతికించి, ఫోనులో ఎలా చూసుకోవాలో నేర్పారు. ఇందులో లెక్క వస్తుంది, పరిమితి దాటితే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి అన్న ఒక్క ముక్క ఆ రోజు ఆ స్టిక్కరుతో పాటు ఎవరూ చెప్పలేదు. నేర్పినది ఒక ప్రభుత్వ విభాగం, నోటీసు ఇచ్చేది ఇంకో విభాగం కావచ్చు. బండి దగ్గర నిలబడ్డ మనిషికి రెండూ సర్కారే.

రెండోది పరిమితి. 2019 జనవరి 10న జరిగిన 32వ సమావేశంలో మండలి సరకులు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచే వీలు కల్పించింది. ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పెంచుకోవాలో వద్దో తేల్చుకునే స్వేచ్ఛ రాష్ట్రాలకు వదిలారు. ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. కోదాడకూ జగ్గయ్యపేటకూ మధ్య జాతీయ రహదారి మీద గంట ప్రయాణం కూడా లేదు. రెండు ఊళ్ల కొట్లకూ సరకు చాలావరకు అవే కంపెనీల నుంచి, అవే ధరలకు వస్తుంది. జగ్గయ్యపేట బట్టల కొట్టు ఏడాదికి 35 లక్షలు అమ్మితే రిజిస్ట్రేషన్ అవసరం లేదు. కోదాడ కొట్టు 21 లక్షలు అమ్మితే ఉంది. ఈ తేడాకు కారణం ఏమిటో కోదాడ వ్యాపారికి ఇప్పటికి ఎవరైనా చెప్పారా?

20 లక్షలంటే రోజుకు దాదాపు 5,480 రూపాయలు. లీటరు 60 రూపాయల చొప్పున రోజుకు 100 లీటర్ల పాలు అమ్మే బూతు ఏడాదికి దాదాపు 22 లక్షలు అమ్మినట్టు. పాల మీద పన్ను లేదు, పాలు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ బాధ్యతా లేదు. అయితే ఆ బూతులోనే ఒక జాడీ బిస్కెట్లు, రెండు అట్టపెట్టెల కూల్‌డ్రింకులు పెట్టారనుకోండి. పరిమితి లెక్కకు మొత్తం టర్నోవరు చూడాలంటుంది చట్టం, పన్ను లేని సరకును కూడా కలిపే. పన్ను లేని 22 లక్షల పాలు, పన్ను పడే 50 వేల రూపాయల బిస్కెట్లు, కూల్‌డ్రింకులు కలిసి ఆ బూతును తెలంగాణలో గీత దాటిస్తాయి. దీన్ని వకీళ్లకు విప్పి చెప్పడమే కష్టం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాల ట్రేలు దింపుకునే మనిషి తనంతట తాను గ్రహించాలని అనుకోవడం న్యాయమేనా?

ఇంకొక చిక్కు దీనికన్నా సూక్ష్మమైనది. 40 లక్షల పరిమితి ఇచ్చిన 2019 నోటిఫికేషన్‌లోనే ఐస్‌క్రీము, పాన్‌మసాలా, పొగాకు సరకులు అమ్మేవారిని ఆ సౌకర్యం నుంచి తప్పించారు. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో కూడా కిరాణా కొట్టు ఒక మూల బీడీ కట్టలు, సిగరెట్ పెట్టెలు ఉంటే ఆ కొట్టు పరిమితి 20 లక్షలే. వేసవిలో కంపెనీవాడు తెచ్చిపెట్టిన ఐస్‌క్రీము ఫ్రీజర్ వల్లా అదే జరుగుతుంది. ఊళ్లలో బీడీ అమ్మని కిరాణా కొట్టు ఎన్ని? ఈ నిబంధన పెట్టిన ఉద్దేశం ఏదైనా, తెలియక ఇరుక్కునేది ఆ మూల కొట్టువాళ్లే.

టీ కొట్టు, ఇడ్లీ బండి, కర్రీ పాయింటు సరకు అమ్మకం కింద రావు. చట్టం వాటిని రెస్టారెంటు సేవగా చూస్తుంది, పరిమితి 20 లక్షలు. పది రూపాయల టీ రోజుకు 550 కప్పులు పోస్తే ఏడాదిలో గీత దాటినట్టే. బస్టాండు ఎదురుగా ఉన్న కొట్టుకు అది పెద్ద గిరాకీ కాదు. ఆ పది రూపాయల్లో పాలు, పంచదార, టీ పొడి, గ్యాసు, కప్పు, అద్దె, గ్లాసులు కడిగే కుర్రాడి జీతం అన్నీ ఉన్నాయి.

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. వస్తు సేవల పన్ను కొనేవాడి పన్ను. వ్యాపారి దాన్ని వసూలు చేసి సర్కారుకు చేర్చే మధ్యవర్తి. రిజిస్ట్రేషన్ లేని కొట్టువాడు కొనేవాడి నుంచి పన్ను వేరుగా తీసుకోలేదు, తీసుకునే హక్కూ అతనికి లేదు. నాలుగేళ్ల కిందట బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుపోయిన పిల్లవాడిని వెతికి పట్టుకుని ఆ పన్ను ఇమ్మని అడగలేడు. కాబట్టి వెనకటి సంవత్సరాల డిమాండు పూర్తిగా అతని లాభంలోంచే రావాలి, లాభం చాలకపోతే ఇంట్లోంచి రావాలి.

పైగా ఆ బిస్కెట్ మీద పన్ను ఎగవేత ఎంత? డిస్ట్రిబ్యూటర్ దగ్గర 100 రూపాయల విలువైన సరకు కొన్నప్పుడు కిరాణా కొట్టువాడు 18 శాతం కలిపి 118 ఇచ్చే తెచ్చుకున్నాడు. (2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల రేటు 5 శాతానికి తగ్గింది, నోటీసుల్లోని సంవత్సరాలకు 18 శాతమే.) అదే సరకును అతను 108 రూపాయల విలువకు అమ్మాడనుకుంటే, రిజిస్ట్రేషన్ ఉన్నట్టయితే 19 రూపాయల 44 పైసలు వసూలు చేసి, కొన్నప్పుడు కట్టిన 18 మినహాయించుకుని, సర్కారుకు 1 రూపాయి 44 పైసలు కట్టేవాడు. రిజిస్ట్రేషన్ లేకపోవడం వల్ల ఖజానాకు తగ్గింది ఆ రూపాయి 44 పైసలే. మదింపు మాత్రం కొన్న పన్నును లెక్కలోకి తీసుకోదు, ఎందుకంటే రిజిస్ట్రేషన్ లేనివారికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అందుకని అడిగేది 19 రూపాయల 44 పైసలు. అమ్మిన ధరలో పన్ను కలిసే ఉందని ఒప్పుకోకుండా ఖాతాలో పడ్డ 127 రూపాయల 44 పైసల మీద 18 శాతం కడితే అది దాదాపు 23 రూపాయలవుతుంది. పన్నుతో కలిసి ఉన్న ధరలోంచి పన్నును వెనక్కి విడదీసే పద్ధతి మీ నియమాల్లోనే, 35వ నియమంలో ఉంది. రూపాయిన్నర కూడా లేని లోటుకు 23 రూపాయలు అడగడాన్ని పన్ను వసూలు అని పిలవవచ్చా?

కాంపోజిషన్ పథకం ఇలాంటివారి కోసమే పెట్టారు. ఏడాదికి 1 కోటి 50 లక్షల లోపు అమ్మకమున్న వ్యాపారి, పన్ను పడే సరకు అమ్మకం మీద 1 శాతం కడితే సరిపోతుంది. చిన్న హోటలుకు 5 శాతం. బిల్లు బిల్లుకూ లెక్క అక్కర్లేదు, మూడు నెలలకోసారి కట్టి, ఏడాదికోసారి రిటర్ను వేయాలి. హావేరి కూరగాయల ఖాతాలో పడ్డదంతా పన్ను పడే సరకే అనుకున్నా, ఈ పథకం కింద నాలుగేళ్లకు అయ్యేది 1 లక్షా 63 వేలు. నోటీసు అడిగింది 29 లక్షలు. కాంపోజిషన్ ముందుగా కోరుకున్నవారికే వర్తిస్తుంది, వెనక్కి వర్తించదు. అలాంటి పథకం ఉందని తెలియకపోవడానికి వేస్తున్న జరిమానా 27 లక్షల పైచిలుకన్నమాట. ఆపైన అడిగిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, రిజిస్ట్రేషన్ చేయించుకోనందుకు 10,000 రూపాయలు లేదా పన్నుకు సమానమైన మొత్తం, ఏది ఎక్కువైతే అది పెనాల్టీ.

నాలుగోది, రెండు పన్నుల మధ్య పొంతన. ఆదాయపు పన్ను చట్టం చిరువ్యాపారి సంగతి ఎప్పుడో గుర్తించింది. 1992లోనే చిన్న దుకాణదారులకు ఏడాదికి 1,400 రూపాయల స్థిరమైన పన్ను పథకం వచ్చింది, కొన్నేళ్లకు ఆగిపోయింది. ఆ తర్వాత చిల్లర వ్యాపారానికి అంచనా లాభం పద్ధతి వచ్చి, చివరకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద ఎక్కువ వ్యాపారాలకు విస్తరించింది. 2 కోట్ల లోపు అమ్మకమున్నవారు లెక్కల పుస్తకాలు చూపనక్కర్లేకుండా, అమ్మకంలో 8 శాతాన్ని, యూపీఐ వంటి మార్గాల్లో వచ్చిన దానికి 6 శాతాన్ని లాభంగా ప్రకటిస్తే చాలు. నగదు 5 శాతానికి మించకపోతే 3 కోట్ల దాకా ఈ వీలుంది. డిజిటల్‌గా తీసుకున్నవారికి రెండు శాతం తక్కువ పెట్టడంలో పార్లమెంటు ఉద్దేశం స్పష్టం.

ఇప్పుడు ఈ 6 శాతాన్ని హావేరి లెక్కకు వేస్తే నాలుగేళ్ల లాభం 9 లక్షల 78 వేలు. ఏడాదికి రెండున్నర లక్షల లోపు. దాని మీద ఆదాయపు పన్ను సున్నా. దేశంలో ఒక చట్టం ఈ మనిషి పేదవాడు, పన్ను కట్టనక్కర్లేదు అంటుంటే, ఇంకో చట్టం కింద అతను సంపాదించిన దానికి దాదాపు మూడింతలు కట్టమనడం ఎలా కుదురుతుంది? రెండు శాఖలూ ఒకే పాన్ నంబరు చూస్తున్నప్పుడు, ఒకరి లెక్క ఇంకొకరు ఎందుకు చూడరు?

ఈ అంచనా లాభం పద్ధతిలోనూ కంతలున్నాయి. కమీషన్ ఏజెంట్లకు అది వర్తించదు. అంటే రీచార్జి కొట్టు, డబ్బు పంపే కొట్టు, బీమా ఏజెంటు అందరూ బయటే. ఎవరి ఖాతాలో పరాయి డబ్బు ఎక్కువ తిరుగుతుందో వారికే సులువైన దారి లేదు. ఒకసారి ఈ పద్ధతి ఎంచుకుని, ఐదేళ్ల లోపు ఏదో ఒక సంవత్సరం నష్టమొచ్చి తక్కువ లాభం చూపితే, తర్వాతి ఐదేళ్లు మళ్లీ అందులోకి రానివ్వరు. ఆదాయం పన్ను పరిమితి దాటితే పుస్తకాలు రాయాలి, ఆడిట్ చేయించాలి. కరోనా ఏడాది కొట్టు మూసుకున్న మనిషికి ఈ షరతు ఎంత బరువో వేరే చెప్పాలా? ఇవి సరిచేయవలసింది కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు, కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ. ఆ ఆర్థిక మంత్రే మీ మండలికి అధ్యక్షులు కాబట్టి ఈ మాట ఇక్కడ చెప్పడం అసందర్భం కాదు.

వ్యాపారుల బాధ్యత సంగతి కూడా ఉంది. జీతగాడి పన్ను జీతం చేతికందక ముందే కోతపడుతుంది. కోట్ల వ్యాపారం చేస్తూ నలుగురు కుటుంబ సభ్యుల పేర్ల మీద నాలుగు కోడ్‌లు తిప్పుతూ గీత కింద దాక్కునేవారు ఉన్నారు. వారిని పట్టుకోవడం మీ విధి, ఎవరూ కాదనరు. నిజాయితీగా గీత దాటిన చిన్న కొట్టు కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, కొట్టుకు వేరే ఖాతా తెరవాలి, కొన్న సరకు బిల్లులు దాచుకోవాలి, రోజు అమ్మకం ఒక నోటుబుక్కులో రాయాలి. ఇవేవీ అసాధ్యమైనవి కావు. అప్పు పద్దులు అణాపైసలతో రాసుకున్న సంప్రదాయం తెలుగు కోమట్లకు, కొట్లకు తరతరాలుగా ఉంది. వారికి భయం పుస్తకం రాయడం గురించి కాదు. ఒక నెల రిటర్ను మరిచిపోతే రోజుకింత చొప్పున పెరిగే ఆలస్య రుసుము, ఇంగ్లీషులో వచ్చే సందేశం, అది చదివిపెట్టే మధ్యవర్తి అడిగే ఫీజు, ఒకసారి లోపలికి వెళ్తే బయటికి రాలేమన్న భావన. ఆ భయాన్ని తగ్గించే పని మీ చేతిలో ఉంది.

ఇక పద్ధతి. రిజిస్ట్రేషన్ చేయించుకోనివారి పన్నును అధికారి తన అంచనాతో నిర్ణయించే అధికారం వస్తు సేవల పన్ను చట్టంలోని 63వ సెక్షన్ ఇచ్చింది. అయితే ఆ మనిషి చెప్పేది వినకుండా ఆదేశం ఇవ్వరాదని అదే సెక్షన్ అంటుంది. వినడమంటే ఏమిటి? పోర్టల్‌లో పీడీఎఫ్ పెట్టమనడమా, లేక కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఈ లక్ష ఎక్కడిది అని తెలుగులో అడిగి, మా అక్క ఇచ్చింది అంటే ఆ అక్క ఖాతా చూడటమా? ఆదేశం తప్పని అప్పీలుకు వెళ్లాలంటే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. 29 లక్షల డిమాండు మీద అది 2 లక్షల 90 వేలు. అది కట్టగలిగిన కూరగాయల వ్యాపారి ఎవరు? కాబట్టి ఇలాంటివారికి మొదటి అధికారి గదే చివరి న్యాయస్థానం. ఆ గదిలో కూర్చునే అధికారికి ఆ ఎరుక ఉండాలి.

భాష మాటకొస్తే, ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966 నాటిది. అరవై ఏళ్ల తర్వాత కూడా తెలుగు తప్ప ఇంకో భాష రాని వ్యాపారికి పన్ను కాగితం ఇంగ్లీషులో ఇవ్వడానికి సాకు లేదు. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. హైదరాబాద్ పాతబస్తీ కొట్టుకు ఆ భాషలోనూ రావాలి. ఏ సంవత్సరానికి, ఏ ఖాతాకు, ఎంత జమ చూశారు, అందులో ఎంత అమ్మకమని అనుకున్నారు, ఏ రేటు వేశారు, జవాబు ఎవరికి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి. ఒక పేజీలో తెలుగులో ఇమిడే సంగతులివి.

మండలి కోరుకుంటే దారి ఉంది. 2024లో వస్తు సేవల పన్ను చట్టంలో 11ఏ సెక్షన్ చేర్చారు. ఒక రకం వ్యాపారంలో పన్ను వేయకపోవడమే ఆనవాయితీగా నడిచిందని తేలితే, మండలి సిఫారసు మీద ఆ పాత పన్ను వసూలు చేయనక్కర్లేదని ప్రభుత్వం ప్రకటించవచ్చు. అదే ఏడాది 128ఏ సెక్షన్ తెచ్చి, 2017-18 నుంచి 2019-20 వరకు మోసం ఆరోపణ లేని బకాయిల్లో అసలు పన్ను కట్టినవారికి వడ్డీ, పెనాల్టీ మాఫీ చేశారు. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద కంపెనీలు కూడా దాన్ని వాడుకున్నాయి. ఆ దయలో ఒక పాలు పాలబూతుకు ఎందుకు అందకూడదు? యూపీఐ జమలు తప్ప వేరే ఆధారం లేని చిరువ్యాపారుల పాత సంవత్సరాలకు 11ఏ కింద సిఫారసు చేయడం మండలికి చేతకాని పని కాదు. అది కుదరని పక్షంలో ఆ సంవత్సరాలకు కాంపోజిషన్ రేటునైనా వర్తింపజేయవచ్చు. మండలిలో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నింటిదీ కలిపి మూడింట రెండొంతులు, నిర్ణయానికి నాలుగింట మూడొంతులు కావాలి. అంటే కేంద్రం రాష్ట్రాన్నీ, రాష్ట్రం కేంద్రాన్నీ చూపించి తప్పుకునే వీలు రాజ్యాంగంలోని 279ఏ అధికరణం ఎవరికీ ఇవ్వలేదు. కర్ణాటక నోటీసుల తర్వాత ఆ వేలు చూపించుకోవడం కొన్నాళ్లు సాగింది. చూసేవారికి అది బాధ కలిగించింది.

రెండు రాష్ట్రాల శాఖలు మండలి కోసం ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. యూపీఐ జమలు గీత దాటినట్టు కనిపించిన వ్యాపారికి మొదట వెళ్లేది డిమాండు కాకూడదు, రిజిస్ట్రేషన్‌కు పిలుపు కావాలి. దానితో పాటు కాంపోజిషన్ సంగతి చెప్పే కాగితం ఉండాలి. సర్కిల్ కార్యాలయం నుంచి ఒకరు మార్కెట్టుకు వెళ్లి అక్కడే దరఖాస్తు నింపిపెట్టాలి. వీధి వ్యాపారుల చట్టం 2014 కింద ఏర్పడ్డ పట్టణ వెండింగ్ కమిటీలు ఇందుకు పనికొస్తాయి. కుటుంబ సభ్యుల మధ్య మారిన సొమ్ముకు, చీటీ సొమ్ముకు, నోట్లకు బదులుగా వచ్చిన జమకు వ్యాపారి రాతపూర్వక ప్రకటనను, విరుద్ధమైన ఆధారం లేనంతవరకు, ఒప్పుకోవాలని కింది అధికారులకు సర్క్యులర్ ఇవ్వవచ్చు. పన్ను లేని సరకుల జాబితా తెలుగులో అచ్చేసి ప్రతి రైతుబజారు గేటు దగ్గర అంటించవచ్చు.

తెలంగాణ ప్రభుత్వం విడిగా తేల్చుకోవలసింది 20 లక్షల సంగతి. ఆ నిర్ణయం తీసుకున్న 2019లో కొట్లలో స్కానర్లు ఇంతగా లేవు, లెక్క కనిపించేది కాదు, కాబట్టి ఆ గీత బరువు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ప్రతి కొట్టులో సౌండ్ బాక్స్ ప్రతి అమ్మకాన్నీ పైకి చదువుతోంది. కోదాడ కొట్టుకు జగ్గయ్యపేట కొట్టుతో సమానమైన గీత కావాలంటే తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించి మండలికి రాయాలి. కొత్త లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఆ ఉత్తరం, శాఖల సర్క్యులర్లు, నోటీసుల తెలుగు నమూనా ఆ తేదీ లోపు వెలువడాలని, వాటి ప్రతులు మార్కెట్ కమిటీలకూ వర్తక సంఘాలకూ అందాలని కోరడమైనది.

ఇట్లు,
చిరువ్యాపారుల పక్షాన ఒక పౌరుడు